పెద్దమ్మ హాజరు

ఎనిమిది కొట్టగానే వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది.

"మామయ్యా, హాజరు?"

అద్దాల మేస్త్రీ అప్పటికే తన పని గదిలో కుర్చీ ఎక్కి, మెడ పట్టేసేలా తల వెనక్కి వాల్చి, కిటికీ పైమూలను చూస్తున్నాడు. మూలలో గూడు ఉంది. గూట్లో ఉండవలసిన పెద్దమ్మ లేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. కళ్లజోడు శుభ్రపడింది గానీ పెద్దమ్మ రాలేదు.

"మామయ్యా, వినబడిందా?"

"అందరూ ఉన్నారమ్మా," అన్నాడు.

అనేసి నాలుక కరుచుకున్నాడు. అబద్ధాలు ఆయనకు కొత్త కాదు. ఆయన ఒక్కడు కోసినన్ని కోతలు ఆ వీధి వీధంతా కలిసినా కోసి ఉండదు. కానీ అవన్నీ నవ్వించడానికి చెప్పినవి. అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఇప్పుడు నోటివెంట వచ్చింది ఆ జాతిది కాదు. ఇది వట్టి అబద్ధం, ఉప్పూ కారం లేనిది.

పెద్దమ్మ ఆయనకు చుట్టం కాదు. సాలీడు. ముప్పై ఏళ్లుగా ఆ కిటికీ మూలలో ఎవరు కాపురం పెట్టినా ఆయన పెద్దమ్మ అనే పిలుస్తున్నాడు. ఒక పెద్దమ్మ పోతే ఆమె కూతురు, ఆ తర్వాత మనవరాలు, అందరూ పెద్దమ్మలే. ఆమె కాక ఆ గదిలో ఇంకో నలుగురు ఉన్నారు. బీరువా వెనక పొట్ట పెంచుకుని కదలకుండా కూర్చునేవాడు జమీందారు. పొడుగు కాళ్లతో గోడ గోడకీ తిరిగేవాడు పోస్టుమాను. ట్యూబులైటు చెరో చివరా ఉండేవాళ్లు కవలలు.

వాళ్లకు అక్కడ ఏం పని అని అడిగితే, మేస్త్రీ పనే వాళ్లతో. రోడ్లు వేసేవాళ్లు, పొలాలు కొలిచేవాళ్లు మూడు కాళ్ల మీద నిలబెట్టి ఒంటికంటితో చూసే దుర్భిణులను ఆయన బాగుచేస్తాడు. ఆ దుర్భిణిలో కన్ను పెడితే అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు సన్నటి గీతలు కనిపిస్తాయి. కొలత అంతా ఆ గీతల మీదే. కొత్త యంత్రాల్లో వాటిని అద్దం మీదే గీసి ఇస్తున్నారు. పాత యంత్రాల్లో మాత్రం అవి చిన్న ఇత్తడి ఉంగరం మీద లక్కతో అతికించిన సాలీడు పోగులు. వలలో పోగు పనికిరాదు, దానికి జిగురు. సాలీడు పైనుంచి వేలాడుతూ దిగేటప్పుడు వదిలే పోగు కావాలి. అది సన్నగా, నున్నగా, సాగకుండా ఉంటుంది. అలాంటి పోగు ఆ ఐదుగురిలో పెద్దమ్మ ఒక్కతే ఇస్తుంది.

ఒకసారి ఎవరో తొందరపడి వేరే సాలీడు పోగు వేశారట. అది వెంట్రుకవాసి సాగిందట. ఆ దుర్భిణిని నమ్ముకుని తవ్విన కాలువలో నీళ్లు నాలుగు రోజులు ముందుకు నడిచి, ఐదో రోజున దారి తప్పామని గ్రహించి, వెనక్కి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేశాయట. ఇది మేస్త్రీ చెప్పే మాట. ఆ కాలువను చూసినవాళ్లు మాత్రం ఇంతవరకు ఎవరికీ తగల్లేదు.

అంతా సజావుగా సాగుతున్న రోజుల్లో కోడలు వచ్చింది. ఆమె బడి పంతులమ్మ, మూడో తరగతికి చెబుతుంది. కొడుకు దూరపు బస్సు డ్రైవరు. నాలుగు రోజులు రోడ్డు మీద, రెండు రోజులు ఇంట్లో. పాప పుట్టాక పంతులమ్మ సెలవు పెట్టి, ఏడు నెలల పిల్లను తీసుకుని మామగారింటికి వచ్చింది. వచ్చిన రోజున పని గదిలోకి తొంగిచూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముఖంలో రక్తం లేదు.

"భయమా అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"భయం కాదు. నాకు పడదు. బూజుకర్ర ఎక్కడుంది?"

"అవి కుట్టవు తల్లీ. ఆ నోరెంత? ఆ నోటితో దోమను పట్టుకోవడమే వాటికి గగనం."

"మీ వాళ్ల నోరు కొలవాలని నాకు లేదు."

"దోమలు తగ్గుతాయి."

"దోమతెర తెచ్చుకున్నాను."

రెండు రోజులు ఇల్లు ఇల్లులా లేదు. మూడో రోజు పంతులమ్మ ఒక కాగితం రాసి తెచ్చింది. ఐదుగురూ పని గది దాటి రాకూడదు. గదిలో ఉన్నంతకాలం ఆమె వాళ్ల జోలికి రాదు, చంపదు. రోజూ ఉదయం ఎనిమిదికి మామయ్య హాజరు చెప్పాలి. ఎవరు కనిపించకపోయినా ఆ పూటే చెప్పాలి. చెబితే, ఆ మనిషి దొరికేదాకా ఆమె పాపను తీసుకుని తన పుట్టింటికి వెళుతుంది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. కాగితం పని గది తలుపుకి అతుక్కుంది.

ఇదీ మేస్త్రీ మెడకు పడిన ముడి. నిజం చెబితే పాప వెళ్లిపోతుంది. పుట్టిల్లు బస్సులో ఐదు గంటల దూరం. రెండు రోజులని వెళ్లినవాళ్లు రెండు నెలలు ఉండిపోవడం ఆయన ఎరగనిది కాదు. పాప ఇప్పుడిప్పుడే కూర్చోవడం నేర్చింది. ఆయన స్క్రూడ్రైవరు లాక్కుని నేలకేసి కొడుతుంటే, "మా చిన్న మేస్త్రీ యంత్రం బిగిస్తోంది, ఎవరూ కదలకండి," అని ఇంటికొచ్చినవాళ్లందరినీ నిలబెట్టేస్తున్నాడు. ఆ చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా ఆయనకు మనసు ఒప్పలేదు.

అందుకే ఆ మంగళవారం "అందరూ ఉన్నారమ్మా" అన్నాడు. అన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవలేదు.

ముందు పని గదంతా వెతికాడు. బీరువా జరిపితే జమీందారు చిరాగ్గా నాలుగు అడుగులు పక్కకు వేశాడు. ట్యూబులైటు పట్టీ, కిటికీ సందు, లక్క డబ్బా, ఇత్తడి ఉంగరాల పెట్టె, పాత పటాల చుట్టలు, ఏదీ వదల్లేదు. తర్వాత చల్లగా హాల్లోకి వచ్చి, ఏదో పాట గొణుగుతూ, దిండ్లు ఒక్కొక్కటీ దులిపాడు. చెప్పుల్లో చేయి పెట్టి చూశాడు. గొడుగు విప్పాడు.

"ఇంట్లో వాన పడుతోందా మామయ్యా?"

"బూజు పట్టిందేమోనని చూస్తున్నానమ్మా."

వంటింట్లోకి వెళ్లి పప్పు డబ్బాల వెనక తొంగిచూశాడు.

"ఏం వెతుకుతున్నారు?"

"కళ్లజోడు."

"ముక్కు మీద ఉంది."

"ఇది కాదు, ఇంకోటి."

"మీకు ఇంకోటి ఎప్పుడుంది?"

మేస్త్రీ పప్పు డబ్బాలు వరసగా సర్దడం మొదలుపెట్టాడు. టీ వచ్చింది. ఎప్పుడూ తన స్టీలు గ్లాసులో వచ్చే టీ ఆ రోజు పింగాణీ కప్పులో వచ్చింది. ఆ గ్లాసు అంచు కాస్త వంకర, పాతికేళ్లుగా ఆయన పెదవికి అలవాటైన వంకర.

"నా గ్లాసేదమ్మా?"

"ఎక్కడో పెట్టాను. వెతకడానికి మీకు ఇప్పుడు తీరిక ఉన్నట్టుంది, కనబడితే చెప్పండి," అంది పంతులమ్మ, పాపకు గంజి కలుపుతూ.

మేస్త్రీ కప్పుతో టీ తాగి మూతి కాల్చుకున్నాడు. ఆ మాటలో ఏదో ములుకు తగిలింది గానీ, తేలు కుట్టిన దొంగ కదా, కిక్కురుమనలేదు.

బుధవారం కూడా "అందరూ ఉన్నారమ్మా" అన్నాడు. రెండోసారి నోరు తడబడలేదు. అదే ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది. ఉదయమంతా ఉయ్యాల చుట్టూ తిరిగాడు. ఉయ్యాల తాళ్లు తడిమాడు, కింద పరిచిన దుప్పటి మడత విప్పి మళ్లీ మడిచాడు. పాప నవ్వుతూ ఆయన మీసం పట్టుకుంది. పాప మెడ వెనక, చెవి వెనక, చొక్కా కింద చూసి, ఏమీ లేదని తేల్చుకుని, నాలుగు నిమిషాలు కుదుటపడి, ఐదో నిమిషంలో మళ్లీ లేచాడు.

మధ్యాహ్నం సర్వేయరు వచ్చాడు. ఆయన పాత దుర్భిణి వారం రోజులుగా మేస్త్రీ బల్ల మీదే విప్పి ఉంది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే గట్టిగా అడిగాడు.

"మేస్త్రీ గారూ, పెద్దమ్మ పోగు ఇచ్చిందా?"

పక్క గదిలో పంతులమ్మ బట్టలు మడతపెడుతోంది.

"మెల్లగా, పాప పడుకుంది," అన్నాడు. పాప అప్పుడే పక్క గదిలో కేరింతలు కొట్టింది. "ఇస్తుంది, ఇస్తుంది. ఒంట్లో కాస్త నలతగా ఉంది."

"సాలీడుకి నలతా?"

"మనిషికుంటే సాలీడుకి ఉండదా? ఎనిమిది కాళ్లు. మనకు రెండు మోకాళ్లు నొప్పెడితేనే లోకమంతా చెప్పుకుంటాం. ఆమెకు ఎన్ని మోకాళ్లో మీరే చెప్పండి, లెక్కలవారు కదా."

సర్వేయరు నవ్వాడు. మామూలు రోజైతే మేస్త్రీ ఇంకో గంట కోసేవాడే. ఈసారి తన మాటకు తనకే నవ్వు రాలేదు.

"శనివారం కొలత ఉంది. వేరే సాలీడుతో కానివ్వకూడదా?"

"కానిస్తే మీరు రోడ్డు కొలిచి ఏట్లో తేలుతారు. శుక్రవారం రండి."

ఆయన వెళ్లాక పంతులమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మకు నలతట. నాతో చెప్పలేదేం మామయ్యా?"

"హాజరే అడిగావు, ఆరోగ్యం అడగలేదుగా తల్లీ," అన్నాడు. అది తెలివైన జవాబని ఇదివరకైతే నాలుగు వీధుల్లో చెప్పుకునేవాడు. ఇప్పుడు దాన్ని మింగలేక కక్కలేక కుర్చీలో అటూ ఇటూ మెదిలాడు.

గురువారం ఉదయం ఎనిమిదికి పంతులమ్మ ఉత్త హాజరు అడిగి ఊరుకోలేదు. పేరు పేరునా పిలిచింది.

"జమీందారు?"

"ఉన్నాడమ్మా."

"పోస్టుమాను?"

"ఉన్నాడు."

"కవలలు?"

"ఇద్దరూ."

"పెద్దమ్మ?"

"ఉంది."

"ఏం చేస్తోంది?"

"ఇప్పుడే ఒక ఈగను పట్టింది. తినేసి, ముందు కాళ్లతో మూతి తుడుచుకుంటోంది. నలత తగ్గినట్టే."

"మంచి ఆకలే," అంది పంతులమ్మ.

పది గంటలకు ఆమె పాపను తెచ్చి ఆయన ఒడిలో పెట్టి నీళ్లు పట్టడానికి వెళ్లింది. పాప ఆయన మెడలో వేలాడుతున్న చిన్న భూతద్దం కోసం ఎడమ చేయి చాచింది. అప్పుడు చూశాడు. మోచేతికి కాస్త పైన ఎర్రటి చుక్క. ఆవగింజంత. చుట్టూ చర్మం కొంచెం ఉబ్బింది.

మేస్త్రీ భూతద్దం కంటికి బిగించి ఆ చుక్కను చూశాడు. వెంట్రుకలో పదోవంతు మందం పోగును ఉంగరం మీద తిన్నగా పరిచే కళ్లు అవి. ఆ చుక్కను ఎంతసేపు చూసినా వాటికి ఏదీ తిన్నగా కనబడలేదు. కుట్టదని తెలుసు. ముప్పై ఏళ్లుగా చేతి మీద నడిపించుకున్నాడు, ఒక్కసారి కుట్టలేదు. సర్వేయర్లకూ, కోడలికీ, కొడుక్కీ, దారిన పోయేవాళ్లకూ చెప్పాడు కుట్టదని. అయినా, ఒకవేళ ఏడు నెలల చేయి వేరేమో. ఒకవేళ ఆ చిన్న నోటికి ఈ చర్మం మాత్రం లోకువేమో. ముప్పై ఏళ్ల మాట ఆవగింజంత చుక్క ముందు నిలబడలేకపోయింది.

పాపను ఎత్తుకుని వంటింట్లోకి నడిచాడు.

"అమ్మా, పెద్దమ్మ లేదు."

పంతులమ్మ వెనక్కి తిరగలేదు. "ఎప్పటి నుంచి?"

"మంగళవారం నుంచి. మూడు రోజులూ నీతో అబద్ధం చెప్పాను. ఈగా లేదు, మూతీ లేదు. పాప చేతి మీద ఏదో కుట్టింది చూడు. కాగితంలో రాసినట్టే చెయ్యి, నేనేం అనను. ముందు డాక్టరు దగ్గరికి పోదాం పద."

ఆమె పొయ్యి ఆపింది. చేతులు తుడుచుకుంది. పాపను తీసుకుని వెలుగులోకి తిప్పి చూసింది.

"ఇది దోమ. రాత్రి తెర అంచు సరిగా దోపలేదు. పొద్దున్నే చూశాను, మందు కూడా రాశాను." తర్వాత గడ్డం ఎత్తి వంటింటి పై అర వైపు చూపించింది. "అది దించండి. నేను ఇంకోసారి ముట్టుకోలేను."

పై అరలో పిండి జల్లెడ. జల్లెడ మీద బోర్లించిన ఒక స్టీలు గ్లాసు. గ్లాసు నెత్తిన బరువుకి ఉప్పు సీసా. గ్లాసు అంచు కాస్త వంకర.

మేస్త్రీ దాన్ని రెండు చేతులతో దించి, పీట మీద కూలబడ్డాడు.

"మంగళవారం తెల్లారి ఉయ్యాల తాడు మీద ఉంది," అంది పంతులమ్మ. "పాప ముఖానికి మూరెడు పైన. చేతికందింది మీ గ్లాసే. కింద గ్లాసు పెట్టి, పైన జల్లెడ మూసి, బోర్లించాను. గాలి ఆడుతుందని జల్లెడ."

"చంపలేదేం తల్లీ?"

"సంతకం పెట్టాను కదా."

ఉయ్యాల తాడు అనగానే మేస్త్రీకి సోమవారం సాయంత్రం కళ్ల ముందుకొచ్చింది. పెద్దమ్మను చేతి మీదకు ఎక్కించుకుని, రెండు కొమ్ముల తీగకు పోగు చుడుతున్నాడు. పాప ఏడ్చింది. తీగ బల్ల మీద పడేసి పరిగెత్తాడు. ఉయ్యాల తాడు పట్టుకుని పావుగంట ఊపాడు. తిరిగి వచ్చేసరికి పోగు తెగి ఉంది. పెద్దమ్మ తన గూటికి పోయిందనుకున్నాడు. చొక్కా చేయి మీద ఎక్కించుకుని తనే ఊరేగించాడని తట్టలేదు.

"నేనే తెచ్చానమ్మా ఆమెను," అన్నాడు.

"తెచ్చింది మీరేనని నాకూ అనిపించింది. అందుకు కోపం రాలేదు. ఎనిమిదికి హాజరు అడిగాను. ఒక్కతి లేదమ్మా అంటే, ఇదిగోండి అని ఇచ్చేసేదాన్ని. మీరు అందరూ ఉన్నారన్నారు. సరే, భయపడి ఉంటారు, రేపు చెబుతారు అనుకున్నాను. రేపు ఆమెకు నలత చేసింది. ఇవాళ ఈగను కూడా తినిపించారు." ఆమె గొంతు పెరగలేదు. "మా తరగతిలో రానివాడి బదులు హాజరు పలికే పిల్లలుంటారు మామయ్యా. వాళ్లకు ఎనిమిదేళ్లు. నా మంచం కింద చూసిరండి."

వెళ్లి చూశాడు. నీలం సంచి, జిప్పు వేసి సిద్ధంగా ఉంది. పక్క జేబులో పాప పాలసీసా.

"సాయంత్రం బస్సుకి," అంది వెనకనుంచి. "ఇప్పుడు మీ అంతట మీరే చెప్పారు కాబట్టి వెళ్లాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. ముందు ఆమెను గదిలో పెట్టండి. నాకు ఆ జల్లెడ వంటింట్లో ఉంటే అన్నం సహించడం లేదు."

పని గదిలో కిటికీ కింద నిలబడి మేస్త్రీ గ్లాసును మెల్లగా ఎత్తాడు. పంతులమ్మ పాపను గట్టిగా పట్టుకుని గుమ్మం బయట, ముఖం పక్కకు తిప్పుకుని ఉంది. పెద్దమ్మ ఆయన చూపుడువేలు మీదకు ఎక్కి, గోడ మీదకు దిగి, మూడు రోజుల జైలు గురించి ఎవరికీ ఫిర్యాదు చేయకుండా మూలకు పోయింది. కాస్త సన్నబడింది.

ఎందుకు సన్నబడిందో గ్లాసులోకి చూస్తే తెలిసింది. అడుగున, ఒక పక్కగా, శనగగింజంత తెల్లటి ఉండ అంటుకుని ఉంది. దూదిని చుట్టినట్టు నున్నగా ఉంది.

గుమ్మంలో ఉన్నామెకు అది కనబడదు. గ్లాసు ఆయన అరచేతిలో ఉంది, అరచేయి పెద్దది. "నేను కడుక్కుని వస్తానమ్మా" అనే మాట నాలుక చివరికి వచ్చి సిద్ధంగా కూర్చుంది. తర్వాత బీరువా వెనక ఒక మూలన పెట్టుకోవచ్చు. మంచం కింద నీలం సంచి గుర్తొచ్చింది. తలుపు మీద కాగితం కళ్లెదురుగా ఉంది, కింద రెండు సంతకాలతో.

"ఇందులో ఇంకోటి ఉందమ్మా," అన్నాడు.

"ఏమిటి?"

"గుడ్ల సంచి. జైల్లో పెట్టింది."

పంతులమ్మ కళ్లు మూసుకుంది. "ఎన్ని?"

ఇదే ఇంకో రోజైతే లక్ష అనేవాడు. లక్షా పదహారు అనేవాడు, ఆ పదహారుకీ పేర్లు కూడా చెప్పేవాడు.

"నాకు తెలియదు. వందకు తక్కువ ఉండవనుకుంటాను."

పాప ఆమె చెవి కమ్మను లాగుతోంది. మేస్త్రీ గ్లాసు పట్టుకుని, బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ నిలబడ్డాడు.

"కాగితం ఐదుగురికే," అంది చివరికి.

"ఐదుగురికే."

"పెరటి గోడలో ఇటుక ఊడిన చోటు ఉంది. ఇప్పుడే, నేను చూస్తుండగా పెట్టండి. ఆ గ్లాసులో ఇక ఈ ఇంట్లో ఎవరూ ఏదీ తాగరు."

"నా గ్లాసమ్మా అది. పాతికేళ్లు."

"అందులో మీ పట్టకార్లు పెట్టుకోండి."

పెట్టివచ్చాడు. ఆమె తలుపు దగ్గరికి వెళ్లి, కాగితం చివర పెన్సిలుతో ఇంకో వాక్యం రాసింది. గది దాటే ముందు మామయ్య చొక్కా విప్పి దులపాలి. ఆయన చదివి, సంతకం పెట్టి, అడిగాడు.

"మరి సాయంత్రం బస్సు?"

"ఇవాళ్టికి లేదు," అంది.

మర్నాడు శుక్రవారం. ఎనిమిదికి వంటింట్లోంచి పిలుపు రాలేదు. మేస్త్రీ చొక్కా దులపడం మరిచి బయటికి పరిగెత్తబోయాడు. పంతులమ్మ గుమ్మంలోనే ఉంది. కుడిపాదం లోపల, ఎడమపాదం బయట. వేలు చాచి గాలిలో లెక్కపెడుతోంది. బీరువా దగ్గర ఒకటి, గోడ మీద ఒకటి, ట్యూబులైటుకి రెండు, కిటికీ మూలలో ఒకటి. పెదవులు బిగిసి ఉన్నాయి, మెడ మీద చెమట పట్టింది.

"ఐదు," అని వెళ్లిపోయింది.

ఆ ఉదయమే పెద్దమ్మను తీగ మీదనుంచి కొంచెం విదిలిస్తే సర్రున కిందికి దిగింది. మేస్త్రీ పోగును చుట్టి, ఇత్తడి ఉంగరం గాడిలో పరిచి, లక్క చుక్క పెట్టాడు. సర్వేయరు వచ్చి కన్ను పెట్టి చూసి, పెద్దమ్మ ఆరోగ్యం అడిగాడు. "అడగాల్సింది పంతులమ్మను," అన్నాడు మేస్త్రీ, "హాజరు పట్టీ ఇప్పుడు ఆమె దగ్గరుంది." అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు. సర్వేయరుకి ఆయన ఒంట్లో బాగాలేదేమోనని అనుమానం వచ్చింది.

గుడ్లు పగలడానికి మూడు వారాలు పట్టవచ్చు. అంతవరకు మేస్త్రీ రోజూ రెండు పనులు చేస్తున్నాడు. పెరటి గోడలో ఇటుక సందు చూస్తాడు. తర్వాత, దువ్వెన పడిందనో నాణెం దొర్లిందనో వంగి, కోడలి మంచం కింద చూస్తాడు. నీలం సంచి అక్కడే ఉంది. కాకపోతే జిప్పు సగం తెరిచి ఉంది. అందులో ఉండవలసిన పాప ఉన్ని టోపీ పెరట్లో తీగ మీద ఆరుతోంది.